నంబర్ లేని నవలల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పుస్తకాల పేజీ నేను వదలకుండా చదువుతా, క్రైమ్ నవలల గురించి వచ్చిన వారమైతే రెండుసార్లు చదువుతా. ఏదైనా డిటెక్టివ్ సీరీస్ గురించి రాసినప్పుడు ఆ డిటెక్టివ్ ఎవరు, మొదటి పుస్తకం ఏది, ఏ వరసలో చదవాలి అని మీవాళ్లు చక్కగా చెప్తారు, అలా నాకు దొరికిన మంచి పుస్తకాలు చాలానే ఉన్నాయి. కానీ అదే రచయితలు ఆ డిటెక్టివ్ లేకుండా విడిగా రాసిన నవలలు ఉంటాయి కదా, స్టాండెలోన్ అంటారు, వాటి ఊసు మాత్రం ఆ పేజీలో దాదాపు కనపడదు. మీ ఒక్కరినే అనడం లేదు, ఎక్కడ చూసినా అదే పరిస్థితి. నేను వాటిని ఏళ్లకేళ్లు మిస్సయ్యా, ఇంకొకరు మిస్ అవకూడదనే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా పూర్తిగా చదవమని మనవి.

నా సంగతి చెప్తా. ఇంగ్లండ్ క్రైమ్ రచయిత్రి రూత్ రెండెల్ అంటే నాకు ప్రాణం. ఆవిడ ఇన్‌స్పెక్టర్ వెక్స్‌ఫర్డ్ సీరీస్ 1964లో మొదలై 2013 దాకా నడిచింది, మొత్తం 24 నవలలు. కింగ్స్‌మార్క్‌హమ్ అని ఒక ఊరు, అది ఆవిడ ఊహలోంచి పుట్టిందే, ఇంగ్లండ్‌లో ససెక్స్ ప్రాంతంలో ఉన్నట్టు రాస్తారు. వెక్స్‌ఫర్డ్ పెద్దమనిషి, పుస్తకాలు బాగా చదివినవాడు, మాటల మధ్యలో ఏ కవి వాక్యమో వచ్చేస్తుంది. పక్కన మైక్ బర్డెన్, అంతా పద్ధతి ప్రకారం జరగాలనే మనిషి. ఇంట్లో భార్య డోరా, కూతుళ్లు సిల్వియా, షీలా. నాలుగైదు పుస్తకాలు అయ్యేసరికి వీళ్లు మన చుట్టాల్లా అయిపోతారు, కొత్త నవల తెరిస్తే హత్య ఎవరిది అనేదానికంటే ముందు పెద్దాయన ఎలా ఉన్నాడు, పిల్లలు ఎలా ఉన్నారు అనే ఆలోచనే వస్తుంది. సీరీస్‌లో ఉన్న సుఖం అదే, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

అయితే సీరీస్ చదివేవాళ్లకి ఒక అలవాటు పడిపోతుంది, నంబర్ల వెంట వెళ్లడం. మొదటిది అయింది, రెండోది ఏది, మూడోది దొరకలేదు, నాలుగోది ముందు చదవొచ్చా, ఇదే లోకం. నా దగ్గర ఒక కాగితం ఉండేది, అందులో 24 పేర్లూ వరసగా రాసుకుని చదివిన ప్రతిదాని పక్కనా టిక్ పెట్టుకునేదాన్ని. స్టాండెలోన్‌కి నంబర్ ఉండదు కాబట్టి అది ఆ కాగితంలోకి రానే రాదు. మనం వెతికే లిస్టులో లేని పుస్తకం ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు, నిజంగా ఆనదు, ఎందుకంటే నేను ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకుని మళ్లీ పెట్టేసిన దాన్ని.

ఆ పుస్తకం ఎ జడ్జిమెంట్ ఇన్ స్టోన్, 1977లో వచ్చింది. అట్ట మీద ఆవిడ పేరు చూసి సంతోషంగా తీశా, వెనక అట్ట చదివితే వెక్స్‌ఫర్డ్ పేరు లేదు, అయితే ఇది ఆ కోవలోది కాదులే అని పక్కన పెట్టేశా. అలా ఒకసారి కాదు, రెండుసార్లు. చివరికి 24వ టిక్ కూడా పడ్డాక, చదవడానికి ఏమీ మిగల్లేదే అన్న బెంగతో ఒక రాత్రి తెరిచా.

మొదటి వాక్యం చదివి, పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసేసి అలాగే కూర్చుండిపోయా. ఆ ఒక్క వాక్యంలో ఎవరు చంపారో, ఎవర్ని చంపారో, ఎందుకు చంపారో మొత్తం చెప్పేసింది ఆవిడ. యూనిస్ పార్చ్‌మన్ అనే మనిషి కవర్‌డేల్ కుటుంబాన్ని చంపింది, కారణం ఆమెకి చదవడం రాయడం రాకపోవడం. అంతే. ఇది నేను సస్పెన్స్ బయటపెట్టడం కాదు, పుస్తకం తెరవగానే ప్రతి పాఠకుడికీ తెలిసేదే.

ఇంక మిగిలిందేంటి అనుకుంటారు కదా, నేనూ అలాగే అనుకున్నా. క్రైమ్ నవల చదివేదే హంతకుడెవరో తెలుసుకోవడానికి కదా, అది మొదటి లైన్‌లోనే అయిపోతే మిగతా పేజీలన్నీ దేనికి? కానీ ఆ రాత్రి తెల్లవారేదాకా దాన్ని కింద పెట్టలేకపోయా. యూనిస్ ఆ ఇంట్లో పనికి కుదురుతుంది. పని అద్దంలా చేస్తుంది, ఇంటివాళ్లు అదృష్టం అనుకుంటారు. తనకి చదువు రాదన్న సంగతి ఎవరికీ తెలియకూడదు, ఆమె బతుకంతా ఆ ఒక్క రహస్యాన్ని దాచుకోవడంలోనే గడిచిపోయింది. ఎవరన్నా చదవమని ఏదన్నా చేతికిస్తే కళ్లజోడు దగ్గర లేదంటుంది. పాపం ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు, ఆమెకి చూపు సరిగ్గా లేదేమో అని నిజంగానే ఆలోచిస్తారు, సాయం చేయబోతారు. వాళ్లు సాయం చేయబోయిన ప్రతిసారీ చదివే మనకి గుండె జారిపోతుంది, ఎందుకంటే అది ఎటు దారి తీస్తుందో మనకి తెలుసు, వాళ్లకి తెలియదు. ఒక ఇంట్లో టేబుల్ మీద పెట్టిన మామూలు చీటీ, పాలవాడికో పనిమనిషికో రాసిపెట్టే రెండు లైన్ల చీటీ అంత భయపెట్టగలదని నాకు అంతకుముందు తెలియదు. అక్షరాలు వచ్చిన మనకి అది కాగితం ముక్క, యూనిస్‌కి అది తనని పట్టించే సాక్షి.

ఇంకో విషయం కూడా చెప్పాలి. చదవడం రాని మనిషి గురించిన కథని మనం చదువుతున్నాం. ఆమె దేన్ని చూసి జీవితమంతా భయపడిందో సరిగ్గా అదే పనిని మనం హాయిగా పడుకుని చేస్తున్నాం. ఆ ఆలోచన వచ్చినప్పుడు నేను పుస్తకాన్ని వేరే రకంగా పట్టుకున్నా, ఇంతకంటే బాగా చెప్పలేను.

అప్పుడు అర్థమైంది నాకు, అన్నేళ్లూ వెక్స్‌ఫర్డ్ నన్ను ఎంత కాపాడాడో. సీరీస్‌లో ఎంత ఘోరం జరిగినా ఆయన వస్తాడు, చూస్తాడు, తప్పుదారి పట్టినా మళ్లీ సరిగ్గా వస్తాడు, చివరికి తేలుస్తాడు. పైగా తర్వాతి నంబర్ పుస్తకం ఉందని మనకి ముందే తెలుసు కాబట్టి ఆయనకి ఏం కాదని ధైర్యం. భయపడతాం కానీ ఆ భయానికి అడుగున ఒక నేల ఉంటుంది, కాలు ఆనుతుంది. స్టాండెలోన్‌లో ఆ నేల లేదు. ఎవరు బతుకుతారో చెప్పలేం, ఎవరు మంచివాళ్లో చివరిదాకా తెలియదు, నేరం జరిగాక వచ్చి సర్దిపెట్టే పెద్దమనిషి వస్తాడో రాడో కూడా తెలియదు, వచ్చినా అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది. సీరీస్‌లో మనం డిటెక్టివ్ భుజం మీద నుంచి నేరాన్ని చూస్తాం. ఇక్కడ నేరం చేసేవాడి పక్కనే కూర్చోబెడతారు, లేదా నేరానికి బలయ్యేవాళ్ల మధ్యలో.

ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టా, అప్పుడు తెలిసింది ఇంకా ఆశ్చర్యమైన సంగతి. ఈ విడి నవలలు ఆవిడ సీరీస్ రాసి రాసి విసుగొచ్చి మార్పు కోసం రాసినవి కావు. 1964లో మొదటి వెక్స్‌ఫర్డ్ నవల వస్తే, 1965లో వచ్చిన ఆవిడ రెండో పుస్తకమే వెక్స్‌ఫర్డ్ లేని నవల, టు ఫియర్ ఎ పెయింటెడ్ డెవిల్. అంటే మొదట్నుంచీ రెండు దారులూ పక్కపక్కనే నడిచాయి. మొత్తం లెక్క చూస్తే వెక్స్‌ఫర్డ్ ఉన్న పుస్తకాలకంటే లేనివే ఎక్కువ. నేను ఇన్నాళ్లూ ఆవిడ అభిమానిని అని అందరికీ చెప్పుకుంటూ ఆవిడ రాసినదాంట్లో సగం కూడా చదవలేదన్నమాట.

వరసగా పట్టుకున్నా. ఎ డీమన్ ఇన్ మై వ్యూ, 1976లోది, బ్రిటన్ క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ వాళ్లు దానికి ఆ ఏడాది గోల్డ్ డాగర్ అవార్డ్ ఇచ్చారు. ఒక పాత ఇల్లు, గదులు అద్దెకిచ్చేది, అందులో చాలా ఏళ్లుగా ఉంటున్న ఆర్థర్ జాన్సన్, శుభ్రం, క్రమం, ఎవరి జోలికీ పోని మనిషి. ఆ ఇంటి కింద సెల్లార్‌లో, చీకట్లో, బట్టల షాపుల్లో నిలబెట్టే బొమ్మ ఒకటి ఉంటుంది. ఆర్థర్‌కి లోపల ఒక రాక్షసుడు ఉన్నాడు, వాడు లేచినప్పుడల్లా కిందకి దిగి ఆ బొమ్మ గొంతు నులిమి వస్తాడు, ఆ బొమ్మ ఉన్నంతకాలం ఊళ్లో ఆడవాళ్లు క్షేమం. ఇంతలో అదే ఇంట్లోకి ఆంథనీ జాన్సన్ అని ఇంకొకతను దిగుతాడు. ఇద్దరూ ఎ. జాన్సన్‌లే. ఎ. జాన్సన్ అని ఒక కవరు వస్తే ఎవరు చింపాలి? ఇంత చిన్న విషయం మీద కథ మొత్తం తిరుగుతుంది, తర్వాత నవంబర్ 5 వస్తుంది, అక్కడి జనం మంటలు వేసి దిష్టిబొమ్మ కాల్చే రోజు, పిల్లలు కాల్చడానికి బొమ్మ కోసం వెతుకుతుంటారు. ఇంతకంటే చెప్పను. వెక్స్‌ఫర్డ్ ఉండే పుస్తకం అయితే ఈ ఆర్థర్ మనకి ఆఖరి పేజీల్లో దొరికే హంతకుడు అయ్యేవాడు, మనం అసహ్యించుకుని ముందుకెళ్లిపోయేవాళ్లం. ఇక్కడ అతని గదిలో, అతని పద్ధతుల్లో, అతని ఒంటరితనంలో అన్ని పేజీలు గడిపాక అసహ్యం ఒక్కటే మిగలదు, అదే నన్ను ఇబ్బంది పెట్టింది, ఆ ఇబ్బంది కోసమే ఈ పుస్తకాలు చదవాలి అంటాను.

1986 నుంచి ఆవిడ బార్బరా వైన్ అని ఇంకో పేరుతో కూడా రాశారు. ఆ పేరుతో వచ్చిన మొదటిది ఎ డార్క్ అడాప్టెడ్ ఐ. ఒక అమ్మాయి పొద్దున్నే లేస్తుంది, ఆ పొద్దున వాళ్ల అత్త వెరాని ఉరి తీస్తున్నారు, కథ అక్కడ మొదలవుతుంది. ఉరి ఎందుకు, చచ్చిపోయింది ఎవరు అనేది కాదు ముందు, ఆ ఇంట్లో అక్కచెల్లెళ్ల మధ్య ఏం నడిచింది అనేది ఏళ్లకేళ్లు వెనక్కి వెళ్తూ కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. నన్నడిగితే ఆవిడ రాసిన అన్నింట్లోకీ ఇదే గొప్ప పుస్తకం. పేరు వేరు కావడం వల్ల దీన్ని కూడా నేను చాలాకాలం గుర్తుపట్టలేదు.

అన్నీ ఇలాగే ఉంటాయని చెప్పను, కొన్ని నాకు నచ్చలేదు. కొన్నింట్లో వరసగా కలిసొచ్చే యాదృచ్ఛికాలు ఎక్కువైపోయి నమ్మకం సడలింది, కొన్నింట్లో మొదటి 100 పేజీలు ఓపిక పట్టాల్సి వచ్చింది, ఎందుకంటే సీరీస్‌లో లాగా తెలిసిన మొహాలు ఉండవు, ప్రతి ఒక్కరినీ కొత్తగా పరిచయం చేసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే 30 పేజీల్లో వదిలేస్తారు.

ఇది ఒక్క రెండెల్ విషయం కాదు. అగాథా క్రిస్టీ పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది ఆవిడ డిటెక్టివ్‌లు పొయిరో, మిస్ మార్పుల్, కానీ ఆవిడ పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయింది 1939లో వచ్చిన, దీవిలో పదిమంది చిక్కుకుపోయే నవల. అందులో ఆ ఇద్దరూ లేరు, ఆలోచిస్తే ఉండటానికి వీల్లేదు కూడా, పొయిరో ఆ దీవిలో ఒక్క పూట ఉన్నా కథ ఆగిపోతుంది. ఆవిడకి పొయిరో మీద విసుగు ఉండేదని కూడా తెలుసు, ఆవిడ సృష్టించిన మిసెస్ ఆలివర్ అనే రచయిత్రి పాత్ర తన ఫిన్‌లాండ్ డిటెక్టివ్‌ని తలుచుకుని తల పట్టుకుంటూ ఉంటుంది కదా, అది ఎవరి బాధో ఊహించడం కష్టం కాదు. కానన్ డాయల్ అయితే 1893లో హోమ్స్‌ని జలపాతంలో పడేసి చంపేశాడు, పాఠకులు ఊరుకోలేదు, 1903లో బతికించాల్సి వచ్చింది. బెల్జియం రచయిత సిమెనాన్ మెగ్రే అనే పోలీసు డిటెక్టివ్‌తో 75 నవలలు రాసి, మెగ్రే లేనివి వందకి పైగా రాశాడు, వాటిని గట్టి నవలలు అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవాడు. అమెరికన్ రచయిత డెన్నిస్ లెహేన్ 1994 నుంచి 1999 దాకా ఇద్దరు ప్రైవేట్ డిటెక్టివ్‌లతో ఐదు నవలలు రాసి, అప్పుడు ఆగి, 2001లో మిస్టిక్ రివర్ రాశాడు. ముగ్గురు చిన్నప్పటి స్నేహితుల కథ అది, అలాంటి కథ ఆ డిటెక్టివ్‌ల చేతిలో పడితే ఇంకో కేసు అయ్యేది. హార్లన్ కోబెన్ కూడా ఒకే హీరోతో ఏడు పుస్తకాలయ్యాక 2001లో విడి నవల టెల్ నో వన్‌తోనే పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

వీళ్లందరి దగ్గరా నాకు కనపడింది ఒకటే. సీరీస్ హీరో రచయితకి అన్నం పెడతాడు, అదే సమయంలో చేతులు కట్టేస్తాడు. వచ్చే పుస్తకంలో కావాలి కాబట్టి అతన్ని చంపలేరు, మరీ చెడ్డవాడిని చేయలేరు, కోలుకోలేనంతగా విరిచేయలేరు. విడి నవలలో ఆ కట్లు ఉండవు, అందుకే రచయిత అసలు ఎంత దూరం పోగలడో అక్కడే తెలుస్తుంది. తెలుగులో మాకు ఈ అలవాటు నేర్పింది కూడా సీరీసే కదా, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో, ఆ పేరు కనపడితే చాలు కథేంటో చూడకుండా తీసుకునేవాళ్లం. ఆ ప్రేమ తప్పు కాదు, కానీ దానివల్లే ఆ పేరు లేని పుస్తకం మీద చూపు పడదు.

అందుకని నా విన్నపాలు. ఏ క్రైమ్ నవలని పరిచయం చేసినా అది సీరీస్‌లోదా, విడి నవలా అని మొదటే ఒక లైన్ వేయండి. సీరీస్‌లోదైతే ఎన్నోది, ముందువి చదవకుండా చదవొచ్చా అని చెప్పండి. ఇందులో చిక్కులు కూడా ఉన్నాయి, ఉదాహరణకి మైకేల్ కానలీ 1996లో ది పోయెట్ విడి నవలగా రాశాడు, అందులో జర్నలిస్ట్ 2009లో మళ్లీ వచ్చాడు, 2020లో ఇంకోసారి, 1998లో వచ్చిన ఇంకో విడి నవల హీరో 2001లో వెళ్లి కానలీ డిటెక్టివ్ హ్యారీ బాష్‌ సీరీస్‌లో కలిసిపోయాడు. ఇలాంటివి చదివేవాడికి ఎవరన్నా చెప్తే తప్ప తెలియవు. ఒక రచయిత సీరీస్ గురించి రాసినప్పుడు చివర్లో ఆ రచయిత విడి నవలల్లో మంచిది ఒకటి, ఒక్కటంటే ఒక్కటి చెప్పినా చాలు. వేరే పేరుతో రాసి ఉంటే ఆ పేరు కూడా.

ఇంకోటి, దయచేసి ముగింపు చెప్పకండి. సీరీస్‌లో ముగింపు తెలిసిపోయినా పాత మనుషుల కోసం చదువుతాం. విడి నవలలో మనకున్నది ఆ ఒక్క ప్రయాణమే, దాన్ని ఎవరో లాగేసుకుంటే తిరిగి రాదు. ఈమధ్య ఒక పత్రికలో వచ్చిన సమీక్షలో ఒక విడి నవల చివరి మలుపు రెండో పేరాలోనే రాసేశారు, నేను ఆ పుస్తకం అప్పుడే మొదలుపెట్టి ఉన్నా, ఇప్పటికీ దాన్ని పూర్తి చేయలేకపోయా. మీ పేజీలో ఎప్పుడూ అలా జరగలేదు, జరగకూడదని కోరుకుంటున్నా.

అనువాదాలు వేసే పబ్లిషర్లు ఈ పేజీ చదువుతారని తెలుసు కాబట్టి వాళ్లకీ ఒక మాట. 24 పుస్తకాల సీరీస్ తెలుగులో వేయాలంటే ఎవరికైనా గుండె ధైర్యం కావాలి, మధ్యలో ఆపేస్తే పాఠకుడు కూడా మధ్యలో ఉండిపోతాడు. విడి నవల అలా కాదు, ఒక్క పుస్తకంతో కథ పూర్తవుతుంది, ముందూ వెనకా ఏమీ అక్కర్లేదు. ఒక గొప్ప రచయితని తెలుగువాళ్లకి పరిచయం చేయడానికి అంతకంటే మంచి గుమ్మం లేదు. నన్ను అడిగితే ముందుగా యూనిస్ కథే తెలుగులోకి రావాలి, చదువు రాదని చెప్పుకోలేక ఏదో ఒక సాకు చెప్పే మనిషిని మనలో చూడనివాళ్లు ఎవరు?

ఇప్పుడు నేను వెక్స్‌ఫర్డ్ మొదటి పుస్తకం మళ్లీ మొదలుపెట్టా. ఈసారి నా కళ్లు పెద్దాయన మీద లేవు, ఆయన ఒక పేజీలో ప్రశ్నలడిగి వదిలేసే పక్కింటివాళ్ల మీద, సాక్షుల మీద ఉన్నాయి. వాళ్లలో ఒక్కొక్కరికీ ఒక విడి నవల ఉందేమో అనిపిస్తోంది. ఇది అయ్యాక ఎ డార్క్ అడాప్టెడ్ ఐ రెండోసారి చదవాలి, అందులో ఒక ప్రశ్నకి ఆవిడ చివరిదాకా జవాబు చెప్పలేదు, నాకు ఒక అభిప్రాయం ఉంది కానీ చదవనివాళ్లు ఉంటారు కాబట్టి ఇక్కడ రాయను. చదివినవాళ్లు ఎవరైనా ఈ పేజీకి ఉత్తరం రాస్తే, ఆ ప్రశ్న ఏంటో బయటపెట్టకుండా వాళ్ల జవాబు ఎటువైపో చెప్తే, ఎదురుచూస్తూ ఉంటా.

ఇట్లు,
మీ పుస్తకాల పేజీ పాఠకురాలు